తడవకూడని తల

"ఏమబ్బా, ఈ బొత్తాం కొంచెం పెట్టి పోతావా? ఒంటి చేత్తో నా వల్ల అయ్యేట్టు లేదు."

వెనకనుంచి వచ్చిన ఆ మాట తనతోనే అని పంకజాక్షికి వెంటనే తెలియలేదు. ఇంకా తెల్లవారని ఆ సమయంలో ఒడ్డున ఎవరూ ఉండరనే ధీమాతో వచ్చింది. పరికిణీ మీద నాయన పాత చొక్కా తొడుక్కుంది. భుజాన తువ్వాలుంది. తలమీద మాత్రం ఏమీ లేదు. ఏమీ అంటే ఏమీ లేదు. అప్పుడప్పుడే మొలకలెత్తుతున్న గుండు.

"నీతోనే అబ్బా. సన్యాసివా ఏంది, పలకవు?"

పంకజాక్షి గిరుక్కున తిరిగింది.

ఎదురుగా పొడుగాటి మనిషి. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా పుత్తూరు కట్టు. విరిగిన ఎముకకు ఆకుపసరు పూసి వెదురుబద్దలతో బిగించే ఆ కట్టును చిత్తూరు జిల్లాలో చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు. మెడలోంచి వేలాడదీసిన తుండుగుడ్డలో చెయ్యి, సగం తెరుచుకున్న చొక్కా, పూర్తిగా తెరుచుకున్న నోరు.

"అబ్బను కాదు," అంది పంకజాక్షి. "ఆడపిల్లను."

"అయ్యో. ఎనకనించి చూసి లుంగీ అనుకోని..."

"ముందునించి చూసి మాట్లాడాల. మీ ఊర్లో మనుషుల్ని వీపు చూసి పిలుస్తారా?"

"లేదండీ. మా ఊర్లో ఆడోళ్ళు..." అని ఆగిపోయాడు.

"చెప్పండి. ఆడోళ్ళు?"

"చొక్కాలు వేసుకోరు," అన్నాడు అతను, చూపు ఆమె తలమీద పడకుండా ఆకాశం వైపు తిప్పుకుంటూ.

తిట్టినా బాగుండేది. ఆ తప్పించుకోవడం చూసి పంకజాక్షికి ఒళ్ళు మండింది. తువ్వాలు తలకు చుట్టుకుని, సముద్రంలో మునగాలనే సంగతే మరిచి, విసవిసా ఇసుక దిబ్బ ఎక్కింది. పైకి వెళ్ళాక ఒకసారి వెనక్కి చూసింది. అతను చొక్కా అంచును గడ్డం కింద నొక్కిపెట్టి, ఎడమచేత్తో ఆ బొత్తాంతో కుస్తీ పడుతున్నాడు. నవ్వొచ్చింది కానీ, కోపం అప్పుడే మొదలైంది కాబట్టి నవ్వును మింగేసింది.

ఆ కోపానికి కారణం ఉంది. మొన్న మొన్నటి దాకా పంకజాక్షి జడ అంటే తిరుపతిలో వాళ్ళ వీధి వీధంతటికీ తెలుసు. మోకాళ్ళు దాటిన జుట్టు. తలంటుకున్న రోజు మిద్దెమీద ఆరబెట్టుకుంటుంటే పక్కింటి వాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు. తల్లి శకుంతలమ్మ ఆ జుట్టుకు దిష్టి తీయని శుక్రవారం లేదు.

ఇంతలో నాయన బాలసుబ్రమణ్యానికి టైఫాయిడ్ వచ్చింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. ఇత్తడి పాత్రల అంగడికి తాళం పడింది. డాక్టరు పెదవి విరిచిన రోజున పంకజాక్షి దేవుడి పటం ముందు నిలబడి మనసులో ఒక మాట అనుకుంది. నాయన లేచి కూర్చుని గంజి అడిగిన వారానికి కొండకు బయలుదేరింది.

శకుంతలమ్మ కూడా వెళ్ళింది. ఆడపిల్ల మొక్కు కదా, మూడు కత్తెర్లు ఇచ్చి వస్తుందనుకుంది. కళ్యాణకట్టలో మూడు కొసలు కత్తిరించి ఇస్తే ఆడవాళ్ళ మొక్కు తీరినట్టే. అందరూ చేసేది అదే. శకుంతలమ్మ కొబ్బరికాయలు కొనుక్కుని తిరిగొచ్చేసరికి కూతురు తలంతా గంధం పూసుకుని నవ్వుతూ నిలబడి ఉంది. శకుంతలమ్మ అక్కడే కూలబడింది.

"పెళ్ళీడు పిల్లవు. నిన్నెవరు చూస్తారే ఇప్పుడు?"

"నాయన చూస్తాడు కదమ్మా," అంది పంకజాక్షి.

కానీ నాయనే చూడలేదు. మొదటిసారి ఆ గుండు కంటపడిన రోజున గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత కూతురితో ఎప్పుడు మాట్లాడినా ఆమె చేతులవైపో, పాదాలవైపో చూస్తూ మాట్లాడేవాడు. పంకజాక్షికి జుట్టు పోయినందుకు లేని దిగులు అందుకు కలిగింది.

శకుంతలమ్మ మాత్రం ఊరుకునే మనిషి కాదు. మద్రాసులో ఉన్న చెల్లెలికి కబురుపెట్టి, నడుము దాకా జడ ఉన్న విగ్గు తెప్పించింది. కొండమీద ఇచ్చిన జుట్టు వేలంలో అమ్ముడుపోయి విగ్గులవుతుందని తిరుపతి వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు.

"ఇది ఎవరి మొక్కో అమ్మా. నేనిచ్చిన మొక్కు చాలదని, ఇంకొకరి మొక్కు నా నెత్తిన పెట్టుకోవాల్నా?"

"నోరు మూసుకోని పెట్టుకో."

ఎనభై ఒకటో సంవత్సరం వేసవిలో, సముద్రపు గాలి తగిలితే ఒళ్ళు తేరుకుంటుందని డాక్టరు బాలసుబ్రమణ్యానికి చెప్పినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది శకుంతలమ్మే. సూళ్లూరుపేటలో బస్సు మారి, ఇంకా ముందుకు పోతే వచ్చే ఆ చిన్న పాలెంలో తమను ఎరిగినవాళ్ళు ఎవరుంటారు? ఒడ్డుమీద ఒక ఉప్పు వ్యాపారి కట్టుకున్న పెంకుటిల్లు అద్దెకు దొరికింది. ఇంటికి రెండు భాగాలు, నడుమ ఒకటే వసారా. రెండో భాగంలో చిత్తూరు బెల్లం మండీ వాళ్ళు దిగారని తెలిసి, వాళ్ళూ తమవాళ్ళేనని తెలిసి, శకుంతలమ్మ వచ్చిన రాత్రే విగ్గుకు కొబ్బరినూనె రాసి దువ్వి పెట్టింది.

ఆ ఉదయం కాఫీల వేళకు పంకజాక్షి పట్టుపావడా, ఓణీ, నడుము దాకా జడ, జడనిండా కనకాంబరాలతో వసారాలోకి వచ్చింది. బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమె పక్కన పుత్తూరు కట్టు.

"మా వాడు ధనంజయ," అంది పెద్దావిడ వరదమ్మ. "మండీలో బెల్లం బస్తాల మీదెక్కి లెక్కపెడతా, కారిన పాకం మీద జారినాడు. పనులన్నీ వాళ్ళ నాయన మీద పడేసి, నా కొంగు పట్టుకోని ఈడికొచ్చినాడు."

ధనంజయ కాఫీ గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుని, ముందు జడవైపు, తర్వాత పంకజాక్షి ముఖంవైపు చూశాడు. పంకజాక్షి ఓరగా అమ్మవైపు చూసింది. ఒక్క మాట అంటే చాలు, అమ్మ ఇక్కడే ప్రాణం విడుస్తుంది.

"నమస్కారమండీ," అన్నాడు ధనంజయ, ఆ మనిషిని జన్మలో మొదటిసారి చూస్తున్నట్టు. తర్వాత కాఫీ తాగాడు.

వరదమ్మ పంకజాక్షి జడను చేతిలోకి తీసుకుని తూకం చూసినట్టు చూసింది. "ఏం జడ, ఏం జడ. శకుంతలా, మా వాడికి మొన్న ఒక సంబంధం వచ్చింది. అన్నీ బాగుండాయి, పిల్లకు జుట్టే పలచన. నేనే వద్దన్నాను."

శకుంతలమ్మ కళ్ళలో దీపాలు వెలిగాయి. పంకజాక్షి కళ్ళలో ఉన్నవి కూడా ఆరిపోయాయి.

మర్నాడు తెల్లవారుజామున పంకజాక్షి తలకు తువ్వాలు గట్టిగా చుట్టుకుని మళ్ళీ ఒడ్డుకు వచ్చింది. మునగడానికి కాదు. అతను అక్కడే, ఒడ్డుకు లాగిన తెప్ప మీద కూర్చుని ఉన్నాడు.

"మీ అమ్మకు చెప్తారా?"

"ఏం చెప్పాల?"

"చూసింది."

"నేను చూసింది ఒక అబ్బణ్ణి. ఆయప్ప మళ్ళీ అగుపడలేదు. మీకేమన్నా తెలుసా, యాడికి పోయినాడో?"

"ఎగతాళా?"

"కాదండీ. నిజంగానే ఆయప్పతో పనుండాది. ఈ బొత్తాం చూడండి, ఇంకా అట్లే ఉండాది."

పంకజాక్షి ముఖం తిప్పుకుంది. నవ్వు కనబడకూడదు కదా. అలలు వచ్చి ఆమె పాదాల ముందు ఆగి వెనక్కి పోతున్నాయి.

"మునగరా?" అన్నాడు ధనంజయ.

"మునిగితే ఈడ తల ఆరబెట్టుకోవాల. ఎవరన్నా చూస్తారు. పగలు మునిగితే విగ్గు తడుస్తుంది."

"నా కట్టు తడిస్తే మళ్ళీ పుత్తూరికి పోయి కట్టించుకోవాల. సరిపోయింది. ఈ ఒడ్డున తడవకూడనివి రెండే రెండు ఉండాయి. ఒకటి నా చెయ్యి, ఒకటి మీ తల. ఇంత సముద్రాన్ని ముందర పెట్టుకోని ఇద్దరం ఎండకు ఎండాల."

ఈసారి నవ్వు ఆగలేదు. నవ్విన తర్వాత, ఎందుకో, మొక్కు సంగతంతా చెప్పేసింది. అతను మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. అంతా విని ఒకే మాట అడిగాడు.

"నాయన ఇప్పుడు బాగుండారా?"

పంకజాక్షి తల తిప్పి అతనివైపు చూసింది. కొండ దిగి వచ్చిన నాటినుంచి చుట్టాలు, ఇరుగుపొరుగు, అందరూ జుట్టు గురించే అడిగారు. ఎంత పొడుగు పోయింది, ఎప్పటికి పెరుగుతుంది, ఎందుకట్లా చేశావు అని. ఆ జుట్టు ఎవరికోసం పోయిందో ఆ మనిషి గురించి అడిగింది ఈ కట్టు మనిషి ఒక్కడే. ఆ క్షణంలోనే ఆమెకు అతనంటే ఇష్టం కలిగింది. ఇష్టం కలిగిందని తెలిసి భయం కూడా వేసింది.

"బాగుండాడు," అంది. "నిన్న రెండు ఇడ్లీలు తిన్నాడు."

"ఇంకా రెండు తినాల," అన్నాడు ధనంజయ.

ఆ తర్వాతి రోజులు సముద్రపు గాలిలాగే, ఏ తొందరా లేకుండా సాగాయి. ధనంజయ మామా మామా అంటూ బాలసుబ్రమణ్యాన్ని రోజూ ఇసుకలో కొంత దూరం నడిపించేవాడు. మధ్యాహ్నాలు వసారాలో తాటిముంజలు. ఒంటిచేత్తో ముంజె ఒలుచుకోలేక అతను అవస్థ పడుతుంటే, పంకజాక్షి ఒలిచి ఆకులో పెట్టి అటు తోసేది.

"బొత్తాం పెట్టకపోయినా ముంజలు ఒలుస్తారే."

"ముంజలు తినే వస్తువు. బొత్తాం అట్ల కాదు."

"ఎట్ల?"

"అది పెట్టేవాళ్ళు వేరే ఉంటారు."

"ఎవరో చెప్తే పోయి పిలుచుకోని వస్తాను."

పంకజాక్షి ముంజె గట్టిగా నొక్కేది. నీళ్ళు అతని ముఖం మీద చిందేవి. వరదమ్మ అటు తిరిగి ఏమైందని అడిగేలోపు ఇద్దరూ సముద్రంవైపు చూస్తూ ఉండేవాళ్ళు.

కానీ వరదమ్మకు కళ్ళున్నాయి. తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఆమె శకుంతలమ్మ పక్కన చేరి, తమలపాకుకు సున్నం రాస్తూ సంగతి తేల్చేసింది.

"పిల్లను మాకిచ్చెయ్ వదినా. మా వాడి నాయన నాతో చెప్పే పంపించినాడు, నీ మాటే నా మాటని. రేపు ఉదయం మంచిది. పూలు పెట్టేస్తాను."

పూలు పెట్టడమంటే చిత్తూరు పక్క ఊళ్ళలో చిన్న విషయం కాదు. పిల్లవాడి తల్లి వచ్చి పిల్ల తలలో తన చేత్తో పూలు పెట్టిందంటే మాట ఖాయమైనట్టే. ఆ తర్వాత ఇటువాళ్ళూ అటువాళ్ళూ వెనక్కి పోరు.

శకుంతలమ్మ ఆనందానికి హద్దు లేదు. లోపలికి వచ్చి తలుపు వేసుకుని విగ్గుకు పిన్నులు వెతకడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇప్పుడైనా చెప్పాల," అంది పంకజాక్షి.

"చెప్తే పూలు పెడుతుందా ఆమె? జుట్టు పలచనని సంబంధం వద్దనింది. అసలే లేదంటే? పెళ్ళి నాటికి చెవులదాకా వస్తుంది. సవరం కలిపి అల్లేస్తాను."

"పూలు ఆమె నా తలలో పెడతా ఉండాది అమ్మా. మద్రాసు నుంచి వచ్చినదాంట్లో కాదు."

"నీకు ఆ అబ్బోడంటే ఇష్టం లేదా?"

"ఉండాది. అందుకే."

శకుంతలమ్మకు ఆ జవాబు అర్థం కాలేదు. రెండు పిన్నులు ఎక్కువే తీసి పక్కన పెట్టింది.

తెల్లవారింది. ఒడ్డున తెప్ప మీద అతను, ఎదురుగా ఆమె. తువ్వాలు లేకుండానే వచ్చింది.

"నేను చెప్తాను అమ్మకు," అన్నాడు ధనంజయ.

"వద్దు. ఇచ్చింది నేను. చెప్పేదీ నేనే."

"కాదంటే?"

పంకజాక్షి చేతులు నలుపుకుంది. "ఆ మాట నేనడగాల. మీ అమ్మ కాదంటే?"

"అమ్మను కాదని పోతానని పెద్ద మాటలు చెప్పను. ఆమె అవుననేదాకా కదలను. మండీలో బేరం తెగేదాకా కూర్చోవడం నాకు అలవాటే."

"జాలిపడి చెప్తా ఉండారా?"

"ఎందుకు జాలి?"

"ఈ తలను చూసి. జడను చూసుంటే..."

"పంకజా," అన్నాడు అతను. పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "జడను నేను చూసింది తర్వాత. ముందు చూసింది దీన్నే. ఆ దినం నుంచి నువ్వు జడేసుకోని వసారాలోకి వచ్చినప్పుడంతా, ఎప్పుడు తెల్లారుతుందా, ఆ గుండు పిల్ల ఎప్పుడొస్తుందా అని కూర్చోనుండాను. నాకు నువ్వంటే ఇష్టం. జుట్టు నడుము దాకా పెరిగినా ఇష్టమే, పెరక్కపోయినా ఇష్టమే. ఇంక దీనికి జాలి అని పేరు పెడతావో, ఏం పెడతావో నీ ఇష్టం."

ఆమెకు ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. ఏదీ పూర్తిగా రానివ్వకుండా పైకి నడిచింది.

ఆ ఉదయానికి అసలు తొందర లేదు. బస్సు మధ్యాహ్నానికి గానీ రాదు. ఎండ ఇంకా మెత్తగానే ఉంది. రాత్రి వెళ్ళిన తెప్పలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరుతున్నాయి. బాలసుబ్రమణ్యం పడక కుర్చీ ఇసుకలోకి వేయించుకుని, ఏ పనీ లేని మనిషిలా హాయిగా అలలు చూస్తున్నాడు. ఇడ్లీలు అయ్యాయి, కాఫీలు రెండుసార్లు అయ్యాయి. వరదమ్మ చిత్తూరు నుంచి మోసుకొచ్చిన సానరాయి ముందేసుకుని నింపాదిగా గంధం తీస్తోంది.

పాలెం నుంచి పూలమ్మి వచ్చింది. వరదమ్మ బేరానికి కూర్చుంది. ఆమెకు బేరమంటే ప్రాణం. మూర చాలదంది, మొగ్గలు చిన్నవంది, వెళ్ళిపొమ్మంది, మళ్ళీ పిలిచింది. చివరికి పూలమ్మి ఓడిపోయి నవ్వుతూ మల్లెదండ కొలిచి ఇచ్చి, ముచ్చట చూద్దామని అక్కడే కూర్చుండిపోయింది. వరదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమెకు ఇక ఆ రోజు బాగున్నట్టే.

గంధం గిన్నె, కుంకుమ, మల్లెదండ పళ్ళెంలో పెట్టుకుని ఇసుకలోకి వచ్చింది. "రా అమ్మణ్ణీ. ఇట్ల కూర్చో. సముద్రం సాక్షిగా పెట్టేస్తాను."

పంకజాక్షి వచ్చి కూర్చుంది. వీపు మీద జడ బరువుగా ఉంది. వరదమ్మ వేళ్ళు జడకుదురు దగ్గరికి వస్తున్నాయి.

"ఒక్క నిమిషం అత్తా," అని పంకజాక్షి లేచి నిలబడింది. "మునిగొస్తాను."

"ఇప్పుడేం మునకలు?"

ఆమె అప్పటికే నడుస్తోంది. నడుస్తూనే ఒక్కొక్క పిన్నూ తీసింది. ధనంజయ నీళ్ళ అంచున నిలబడి ఉన్నాడు. అతని ముందు ఆగి, జడతో సహా దాన్ని తలమీద నుంచి ఎత్తి, అతని ఎడమచేతిలో పెట్టింది.

"తడవకుండా పట్టుకోండి. మా అమ్మ పాపం దుడ్డు పెట్టి తెప్పించింది."

వెనక శకుంతలమ్మ 'అయ్యో' అనడం వినబడింది. పంకజాక్షి ఆగలేదు. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి, నడుముకు వచ్చాయి. ఇన్నాళ్ళూ వసారాలో నుంచి చూసిన సముద్రం. ఊపిరి బిగబట్టి ఒక్క మునక వేసింది. చల్లదనం నేరుగా నెత్తిని తాకింది. మోకాళ్ళ దాకా జుట్టున్న రోజుల్లో ఏ నీళ్ళూ ఆమె తలను అంత దగ్గరగా తాకలేదు. రెండోసారి మునిగింది. మూడోసారి లేచేసరికి గట్టిగా నవ్వుతోంది. భయం ఎటు పోయిందో తెలియలేదు.

ఆమె పడిపోతుందేమోనని ధనంజయ కంగారుగా నీళ్ళలోకి దిగాడు. పెద్ద అల ఒకటి వచ్చింది. అతను ఆలోచించకుండా చెయ్యి పైకెత్తాడు. ఎత్తింది ఎడమచెయ్యి. విగ్గుమీద చుక్క పడలేదు. పుత్తూరు కట్టు నిలువునా తడిసింది.

పంకజాక్షి తడిబట్టలతో ఒడ్డెక్కింది. పూలమ్మి చూస్తోంది, తెప్పలు లాగుతున్న వాళ్ళు చూస్తున్నారు. పావడా అంచు పిండుకుంటూ, తల ఎత్తి, నేరుగా వరదమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"ఇది నా తల అత్తా. పూలు పెడితే దీనికే పెట్టాల. మనసు రాకపోతే పెట్టొద్దండి. మా అమ్మ భయపడి దాచింది. దాచమంటే ఒప్పుకున్నది నా తప్పు."

వరదమ్మ పళ్ళెం పట్టుకుని ఆ గుండును చూసింది.

"ఎందుకిచ్చినావు?"

"నాయనకు జబ్బు చేస్తే మొక్కుకున్నాను."

"ఆడదానివి కదా. మూడు కత్తెర్లు ఇస్తే చాలు. స్వామి ఒప్పుకుంటాడు."

"స్వామి ఒప్పుకుంటాడు అత్తా. నాకే మనసొప్పలేదు. నాయన ప్రాణం దగ్గర బేరమాడినట్టు ఉంటుందని."

వరదమ్మ చూపు పళ్ళెంలోని మల్లెదండ మీదికి దిగింది. ఆ దండకోసం ఎంత బేరమాడిందో అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు.

"వీడి చెయ్యి విరిగినప్పుడు నేనూ మొక్కుకున్నాను," అంది మెల్లగా. "మూడు కత్తెర్లే."

"అదే అమ్మా," అన్నాడు ధనంజయ నీళ్ళు కారుతూ పైకి వచ్చి. "ఇంకా ఎందుకు నొస్తా ఉండాదా అని అనుకుంటా ఉండా."

"నోరు ముయ్. కట్టు తడుపుకోని వచ్చినావు. ఆ చేతిలో ఏందది?"

"జడ."

పూలమ్మి పకాలున నవ్వింది. వరదమ్మ పెదవి కూడా వణికింది కానీ, ఇంకా తేలవలసిన లెక్క ఒకటుంది.

"నీకు తెలుసా ఇది?"

"మొదటి దినమే తెలుసు."

"తెలిసీ నాకు చెప్పలేదే."

"తల ఆమెది అమ్మా. చెప్తే ఆమే చెప్పాల."

వరదమ్మ కొడుకును పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తర్వాత శకుంతలమ్మవైపు తిరిగింది. శకుంతలమ్మ అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఏడవొద్దు వదినా. కోపమొచ్చింది, రాలేదని చెప్పను. ఎవరిదో జడ పట్టుకోని ఇన్నాళ్ళూ నేను మురిసిపోయినాను. నీ కూతురు కొండమీద ఏమిచ్చి వచ్చిందో అది చెప్పి ఉంటే ఇంకా మురిసిపోయేదాన్ని." పళ్ళెం ఇంకో చేతికి మార్చుకుంది. "జుట్టు పలచనని నేను చెప్పిన మాటకే కదా నువ్వు భయపడింది. ఆ మాట నాది. దాన్ని వెనక్కి తీసుకుంటా ఉండాను."

"అయితే పూలు..." అంది శకుంతలమ్మ.

"పెడతాను. యాడ పెట్టాలనేదే చూస్తా ఉండాను."

అందరూ పంకజాక్షి తలవైపు చూశారు. నిజమే. పిన్ను గుచ్చడానికి చోటు లేదు, దండ ముడవడానికి పోగు లేదు. వరదమ్మ ఆలోచించింది. ఆమె కళ్ళు గంధం గిన్నె మీద ఆగాయి.

"కొండమీద గుండు చేసినాక ఏం పూస్తారు? గంధమే కదా. కూర్చో అమ్మణ్ణీ."

చేతినిండా గంధం తీసుకుని, పంకజాక్షి తలమీద చల్లగా, మందంగా పూసింది. తర్వాత దండ తుంచి, నారలోంచి మల్లెలు ఒక్కొక్కటే తీసి, ఆ తడి గంధం మీద అద్దడం మొదలుపెట్టింది. పూలమ్మి తన బుట్టలో మిగిలినవన్నీ తెచ్చి పళ్ళెంలో పోసింది. ఈసారి వరదమ్మ బేరమాడలేదు. నుదుటి మీద నుంచి మెడదాకా ఖాళీ లేకుండా మల్లెలు నిండాయి. నడుము దాకా జడ ఉన్న ఏ పెళ్ళికూతురి తలలోనూ అన్ని పూలు పట్టవు.

పడక కుర్చీ కిర్రుమంది. బాలసుబ్రమణ్యం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఇసుకలో నడిచి వచ్చాడు. కూతురి చేతులవైపు చూడలేదు, పాదాలవైపు చూడలేదు. తలవైపే కళ్ళనిండా చూశాడు.

"నావల్లే పోయిందని ఇన్నాళ్ళూ చూడలేకపోయినాను అమ్మణ్ణీ. బతికినందుకు సిగ్గుపడినాను."

"ఇప్పుడో నాయనా?"

"ఇప్పుడు లేదు. బాగుండావు. శానా బాగుండావు."

పంకజాక్షి నాయన చేతిని తన చెంపకు ఆనించుకుంది. ఇన్ని రోజులుగా ఆమె ఎదురుచూసింది ఆ చూపుకోసమే.

"పెళ్ళి మటుకు జుట్టు కొంచెం పెరిగినాక పెట్టుకుందామా వదినా?" అంది శకుంతలమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"ఎందుకు? వచ్చే ముహూర్తానికే చేస్తాం. మా చిత్తూరోళ్ళు అందరూ చూడాల," అంది వరదమ్మ. "ముందు ఈ కట్టు సంగతి చూడాల. పుత్తూరు మీదుగా పోయే బస్సే ఎక్కాల. అందరం కలిసే పోతాం."

ధనంజయ ముఖం వెలిగిపోయింది. కట్టు తడిసినందుకు అంత సంతోషించిన మనిషిని పుత్తూరులో కూడా చూసి ఉండరు. విగ్గును జాగ్రత్తగా శకుంతలమ్మ చేతికిచ్చి, మండీలో బేరం గెలిచినవాడిలా నడిచి వచ్చి పంకజాక్షి ముందు నిలబడ్డాడు. చొక్కా ఎప్పటిలాగే సగం తెరుచుకుని ఉంది.

"ఏమబ్బా," అన్నాడు, ఇద్దరు తల్లులూ వింటుండగానే. "ఈ బొత్తాం కొంచెం పెట్టి పోతావా?"

పంకజాక్షి వరదమ్మవైపు చూసింది. వరదమ్మ సానరాయి కడుక్కునే పని గుర్తుకొచ్చినట్టు అటు తిరిగింది.

పంకజాక్షి రెండు చేతులతో బొత్తాం పెట్టింది. పెడుతూ తల వంచితే ఒక మల్లెపువ్వు జారి అతని జేబులో పడింది. తిరిగి ఇమ్మని ఆమె అడగలేదు, అతనూ ఇవ్వలేదు.